ఆకు ఎందుకు ఎర్రబడుతుంది?

(అల్లవరంలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గంవారు మార్పుగా ఒక అరగంట సేపు మొక్కల గురించి చెప్పమన్నారు. సంతోషం. రిటైరయిన తర్వాత మనలో చాలామందికి పెరడే ఆఫీసు. పొద్దున్నే కాఫీ తాగి నాలుగు మళ్లూ తిరిగి వస్తేగాని రోజు మొదలైనట్టుండదు. కొందరికి ఎకరమో అరెకరమో వరిచేను కూడా ఉంది.

ఈ తోటల్లో, చేలల్లో తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "ఆకు ఎర్రబడిందండీ, ఏ మందు కొట్టమంటారు?" అని. ఈ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. మొదటిది, ఆకు ఎందుకు ఎర్రబడింది? రెండవది, మందు కొట్టాలా? మొదటిదానికి జవాబు తెలియకుండా రెండవదానికి వెళ్లిపోతున్నాం. మనం మందు కొట్టేది మన మనవలు తినే గోంగూర మీద, తోటకూర మీద అని గుర్తుంచుకోవాలి. అందుకని ఈరోజు మొదటి ప్రశ్న దగ్గరే కాసేపు ఆగుదాం.

ముందుగా, ఆకులో ఎరుపు అంటే ఏమిటి? మన కళ్లకు ఒకటే ఎరుపు కనిపించినా మొక్కల్లో ముఖ్యంగా రెండు రకాల ఎరుపులున్నాయి. ఒకటి ఆంథోసయనిన్ అనే పదార్థం. ఎర్ర గోంగూర కాడ, గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్రని తొడుగు, కృష్ణ తులసి, మామిడి చిగురు, మందార పువ్వు, వంకాయ తొక్క, వీటన్నింటిదీ ఇదే. రెండవది బీటాలెయిన్ అనే పదార్థం. ఎర్ర తోటకూర, ఎర్ర తీగ బచ్చలి, బీట్‌రూట్, కాగితం పూలు ఈ జాతివి. ప్రకృతిలో ఒక విచిత్రమైన కట్టుబాటుంది. ఆంథోసయనిన్ చేసే మొక్క బీటాలెయిన్ చెయ్యదు, బీటాలెయిన్ చేసే మొక్క ఆంథోసయనిన్ చెయ్యదు. రెండూ ఒకే మొక్కలో ఉన్నట్టు ఇంతవరకూ కనబడలేదు.

ఈ తేడా వంటింట్లోనే చూడవచ్చు. మందార పూరేకులు వేడినీళ్లలో వేసి ఆ రంగునీళ్లలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఎరుపు తేరుతుంది, చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. అది ఆంథోసయనిన్ స్వభావం. ఎర్ర తోటకూర ఉడికించిన నీళ్లలో నిమ్మరసం పిండితే అంత మార్పు కనబడదు. తోటకూర కలిపిన అన్నం గులాబీరంగుకు తిరగడం మీరందరూ చూసిందే. ఆ రంగు బీటాలెయిన్‌ది.

ఈ రంగుల రసాయన శాస్త్రంలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మంచి పేరుంది. ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు ఇంగ్లండులో సర్ రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి వచ్చి, 1930, 40 దశకాల్లో వాల్తేరులో రసాయన శాస్త్ర శాఖను నడిపారు. ఆ రాబిన్సన్‌గారికే మొక్కల పదార్థాల మీద చేసిన కృషికి 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. శేషాద్రిగారూ ఆయన శిష్యులూ పత్తి పువ్వు, గోంగూర పువ్వు వంటి మన నేల మీద పూసే పూలను తీసుకుని వాటి పసుపు రంగు పదార్థాలను వేరుచేసి, వాటి నిర్మాణం తేల్చారు. ఆ పసుపూ, మనం చెప్పుకుంటున్న ఆంథోసయనిన్ ఎరుపూ ఒకే కుటుంబానికి చెందినవి. శేషాద్రిగారు 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

రంగు అంటే ఏమిటో రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. అయితే అదే మొక్క ఒకచోట ఎర్రగా, మరొకచోట పచ్చగా ఎందుకుంటుందన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు జన్యువుల్లో దొరికింది.

జన్యువును మన భాషలో చెప్పాలంటే ఆఫీసు బీరువాలో ఉన్న ఫైలు అనుకోండి. ఎరుపు తయారుచేసే పద్ధతంతా ఆ ఫైళ్లలో రాసి ఉంటుంది. ఫెనైల్ అలనీన్ అనే ముడిసరుకు మొదటి టేబులు దగ్గర మొదలై ఒక్కొక్క గుమాస్తా చేతిలో కొంచెం కొంచెం మారుతూ చివరి టేబులు దగ్గర ఎర్ర రంగుగా బయటికి వస్తుంది. ఈ గుమాస్తాలనే ఎంజైములంటారు. కాని ఫైలు బీరువాలో ఉన్నంత మాత్రాన పని జరగదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? జీవో ఉన్నా సంతకం పడాలి. మొక్కలో ఆ సంతకం పెట్టేది మూడు ప్రోటీన్ల జట్టు. అందులో ముఖ్యుడిని మిబ్ అంటారు. మిబ్ వచ్చి మిగతా ఇద్దరితో కలిసి కూర్చుంటేనే ఎరుపు ఫైళ్లు వరుసగా కదులుతాయి. 2000 సంవత్సరంలో అమెరికాలో అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో ఇటువంటి ఒక్క మిబ్ జన్యువును ఎప్పుడూ పనిచేసేటట్టు చేస్తే మొక్క మొత్తం ఊదారంగుకు తిరిగింది. ఫైళ్లన్నీ ముందునుంచీ ఉన్నవే. కొత్తగా వచ్చింది సంతకం ఒక్కటే.

మరి ఆ అధికారిని కుర్చీలో కూర్చోబెట్టేదెవరు? ముఖ్యంగా వెలుతురు. చీకటి ఉన్నంతసేపూ కాప్-1 అనే మరొక ప్రోటీను మిబ్‌ను పోస్టులో నిలవనివ్వదు, వచ్చినదాన్ని వచ్చినట్టే ముక్కలు చేయిస్తుంది. మొక్కకు ఎర్ర వెలుగును, నీలి వెలుగును, అతినీలలోహిత కిరణాలను పసిగట్టే వేర్వేరు గ్రాహకాలున్నాయి. వెలుతురు పడగానే ఇవి కాప్-1ను పట్టి ఆపుతాయి. అప్పుడు మిబ్ నిలదొక్కుకుంటుంది, ఎరుపు మొదలవుతుంది. కాప్-1 సంగతి 1990 దశకం మొదట్లో బయటపడింది. అతినీలలోహిత కిరణాలను పసిగట్టే గ్రాహకం ఏదో 2011లో రుజువైంది. చీకట్లో కాప్-1 ఎరుపు అధికారిని తొలగిస్తుందన్న సంగతి 2013లో స్పష్టమైంది. అంటే ఇది మనం ఉద్యోగాల్లో ఉండగా మొదలై, చాలామందిమి రిటైరయ్యాక తేలిన శాస్త్రం.

దీని ఫలితం మన కోనసీమ పెరడుల్లో రోజూ కనబడేదే. కొబ్బరిచెట్ల నీడన వేసిన ఎర్ర తోటకూర వెలవెలబోతుంది. అవే గింజలు ఎండపడే చోట చల్లితే నిగనిగలాడుతూ వస్తుంది. అందులో గింజలమ్మినవాడి మోసం ఏమీ లేదు. ఎండలో నిండురంగుతో ఉన్న క్రోటన్ మొక్కను కుండీతో సహా హాల్లోకి తెస్తే కొత్త ఆకులు పచ్చబడతాయి. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక ముఖ్యమైన భాగాన్ని ఆపేస్తుంది. అందుకనే విదేశాల్లో అద్దాల గదుల్లో ఎర్ర లెట్యూస్ ఆకుకూర పెంచేవారు రంగు కోసం నీలి వెలుగు దీపాలు ప్రత్యేకంగా పెడుతుంటారు. ఆపిల్ తోటల్లో కాయలకు కాగితపు సంచులు కట్టి, కోతకు కొద్దిరోజుల ముందు తీసేస్తే పాలిపోయిన కాయ రోజుల్లో ఎర్రబడుతుంది. ఆపిల్‌లో దీనికి కారణమైన మిబ్ జన్యువును 2006లో గుర్తించారు.

తోటకూర, బీట్‌రూట్‌ల ఎరుపు వేరే పదార్థం అన్నాను కదా. వాటి ముడిసరుకు, టేబుళ్లు వేరు. అయినా 2015లో ప్రచురించిన పరిశోధనలో బీట్‌రూట్ ఎరుపుకు సంతకం పెట్టేది కూడా మిబ్ కుటుంబంవారేనని తేలింది. అధికారి కుటుంబం ఒకటే, డిపార్టుమెంటు మారిందన్నమాట.

ఇక వరి దగ్గరికి వద్దాం. వరిలో ఆకు, కాడ ఊదారంగులో ఉండే రకాలు మన దేశంలో పూర్వం నుంచీ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో శ్యామల అనే ఊదా ఆకు రకం ఉంది. చేలో అడవి వరి కలుపు పడితే మామూలు వరికీ దానికీ తేడా తెలియక కూలీలు తికమకపడతారు. ఊదా ఆకు రకం వేస్తే పచ్చగా కనబడిందల్లా కలుపే, పీకి పారెయ్యవచ్చు.

ఇటువంటి ఊదా రకం మీద హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆర్జుల రామచంద్రారెడ్డిగారూ ఆయన బృందమూ 1990 దశకంలో విలువైన పని చేశారు. ఆయన తర్వాత కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. వారు తీసుకున్న రకం పేరు పర్పుల్ పుట్టు. అతినీలలోహిత కిరణాల్లో బి తరగతి కిరణాలు పడినప్పుడు ఈ వరిలో ఆంథోసయనిన్ ఎలా తయారవుతుందో పరిశీలించి 1994లో ప్రకటించారు. ఇందాక చెప్పిన మొదటి టేబులు గుమాస్తా ఉన్నాడే, ఆ ఎంజైము తయారీలో ఒక ప్రత్యేక దశకూ ఎరుపు రావడానికీ సంబంధం ఉన్నదని అందులో తేల్చారు. 1995లో, ఆకులో ఎరుపును అణిచివేసే ఒక జన్యుమార్పును వరిలో గుర్తించారు. 1998లో మొక్కజొన్నలోని ఎరుపు అధికారి జన్యువుకు సాటివచ్చే వరి జన్యువును, జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి వేరుచేశారు. ఎరుపు రావడానికి రెండూ కావాలని, అంటే జన్యువూ ఉండాలి, దాన్ని పిలిచే వెలుతురూ ఉండాలని మన తెలుగు నేల మీద, మనం రోజూ తినే వరిలోనే చూపించిన కృషి ఇది.

వెలుతురు కాకుండా ఈ సంతకం పెట్టించేది మరొకటుంది. అది కష్టం. చలి, ఆకలి, దాహం, ఉప్పు, ఇవన్నీ మొక్కకు కష్టాలే. వేరుకు భాస్వరం అందకపోతే చాలా మొక్కల్లో ఆకులు ఊదాగా మారతాయి. మొక్కజొన్న నారులో, టమాటా నారులో ఇది బాగా కనబడుతుంది. నత్రజని కరువైనా కొన్నింటిలో ఎరుపు పెరుగుతుంది. చలి రాత్రుల్లో ఆకులో తయారైన చక్కెర బయటికి పోలేక పేరుకుంటుంది. ఆ చక్కెరే ఎరుపు జన్యువులను లేపుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవారు అక్టోబరులో మేపుల్ చెట్లు మంటలు పట్టినట్టుండడం చూసే ఉంటారు. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉన్న సంవత్సరం ఆ ఎరుపు మరీ బాగుంటుంది. ఇటలీలో సిసిలీ ద్వీపంలో ఎర్ర గుజ్జు నారింజ పండుతుంది. చలి రాత్రులు లేనిచోట ఆ రకం గుజ్జు సరిగా ఎర్రబడదు. దానికి కారణమైన జన్యువును 2012లో ఇంగ్లండులో వివరించారు. దాన్ని లేపే మీట చలి చేతిలో ఉంది.

మన ప్రాంతానికి చలి బాధ తక్కువ, ఉప్పు బాధ ఎక్కువ. వైనతేయం సముద్రంలో కలిసే ఓడలరేవు వైపు పర్రభూముల్లో, పోటునీరు ఎక్కే చోట్ల, కండగల చిన్న ఆకులతో నేలబారుగా పెరిగే ఉప్పు మొక్కలను చూడండి. ఉప్పు తక్కువున్నచోట పచ్చగా, ఎక్కువున్నచోట ఎర్రగా ఉంటాయి. అక్కడి ఎరుపులో ఎక్కువ భాగం తోటకూర జాతి ఎరుపే. పంటకాలవ నీరు నిలిపేసిన వేసవిలో బోరునీరు ఉప్పగా మారినప్పుడు మన కుండీల్లో, మళ్లల్లో కూడా మొక్క కష్టపడుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. నెమ్మదిగా వచ్చే కష్టానికి ఆకు ఎర్రబడగలదు. తుపానుగాలి తెచ్చే ఉప్పు తుంపరలాంటి హఠాత్తు దెబ్బకు ఆకు మాడిపోతుంది. 1996 నవంబరు 6 రాత్రిని ఇక్కడున్న పెద్దలకు వేరే గుర్తుచెయ్యక్కరలేదు. ఎర్రబడిన ఆకు బతికున్న ఆకు, పనిచేస్తున్న ఆకు. మాడిన ఆకు పని అయిపోయింది.

కష్టంలో ఉన్న మొక్క ఎరుపు మీద ఎందుకు ఖర్చు పెడుతుంది? శాస్త్రవేత్తల్లో రెండు అభిప్రాయాలున్నాయి. ఆకు సరిగా పనిచెయ్యలేనప్పుడు మీద పడే ఎండ దానికి భారమవుతుంది, ఎరుపు ఆ ఎండకు పట్టిన గొడుగు అని కొందరంటారు. పురుగుకు ఇది హెచ్చరిక బోర్డు అని మరికొందరంటారు. గొడుగు వాదానికి మామిడి చిగురు మంచి ఉదాహరణ. లేత ఆకులో పత్రహరితం పూర్తిగా ఏర్పడేదాకా రాగి ఎరుపు ఉంటుంది, ఆకు ముదిరి పని అందుకోగానే పచ్చబడుతుంది.

ముసలి ఆకు సంగతి ఇంకా బాగుంటుంది. మన వీధుల్లో బాదం చెట్టు ఆకులు రాలేముందు ఎర్రబడతాయి. రాలబోయే ఆకు తనలోని నత్రజనిని, ఇతర పోషకాలను చెట్టుకు తిరిగి ఇచ్చి మరీ రాలుతుంది. ఆ అప్పగింత పూర్తయ్యేదాకా ఆకు దెబ్బతినకుండా ఉండాలి. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో కొన్ని పొదమొక్కల మీద పరీక్షించినప్పుడు, ఎరుపు చెయ్యలేని మొక్కలు ఎండలో తమ ఆకుల నుంచి తక్కువ నత్రజనిని వెనక్కు తీసుకోగలిగాయి. ఎరుపు చేసేవి ఎక్కువ తీసుకున్నాయి. చార్జి అప్పగించకుండా రిలీవ్ కావడానికి మనకు వీలుండేది కాదు. ఆకూ అంతే.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. మందు కొట్టాలా? కొట్టేముందు నాలుగు విషయాలు చూడమని మనవి.

మొదటిది, ఎర్రబడింది లేత ఆకా, ముదురు ఆకా? చిగుళ్లన్నీ ఎర్రగా ఉండి ముదిరినకొద్దీ పచ్చబడుతుంటే అది ఆ చెట్టు స్వభావం. ఏమీ చెయ్యక్కరలేదు.

రెండవది, మొక్క మొదటినుంచీ ఎర్ర రకమా? ఎర్ర గోంగూర, కృష్ణ తులసి ఎండాకాలంలో మరింత ముదురురంగుకు వస్తే అది ఎండకు ఇచ్చిన జవాబు. తెగులు కాదు.

మూడవది, పచ్చ రకం మొక్కలో అడుగు ముదురు ఆకులు ఊదాగా మారి మొక్క గిడసబారితే వేరు వైపు చూడండి. నీరు నిలుస్తోందా, నీరు ఉప్పగా ఉందా, నేలలో భాస్వరం తగ్గిందా అని ఆలోచించండి. ముందు నీరు తీసేయడం, బాగా చివికిన పశువుల ఎరువు వెయ్యడం, మండల వ్యవసాయాధికారి ద్వారా మట్టి పరీక్ష చేయించడం మంచిది. గుంటూరు వైపు పత్తి వేసే బంధువులుంటే వారికి తెలిసే ఉంటుంది. పత్తి ఆకు ఎర్రబడడానికి మెగ్నీషియం లోపం ఒక కారణం, పచ్చదోమ మరొక కారణం. ఆకు తిరగేసి చూస్తే దోమ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. దోమ లేనిచోట దోమమందు కొడితే డబ్బు దండగ.

నాలుగవది, అది నిజంగా ఎరుపేనా? వరిలో నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి మొక్క ఎదగకపోతే అది తరచు జింకు లోపం. అక్కడ ఎరుపు జన్యువుల ప్రమేయం లేదు, ఆకు కణాలు చస్తున్నాయి. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చెయ్యడం అందరికీ తెలిసిన వైద్యం. భాస్వరం ఎరువుతో మాత్రం దాన్ని కలపకూడదు. ఆకు నారింజరంగు కలిసిన పసుపుకు తిరిగితే తుంగ్రో వైరస్ తెగులు కావచ్చు, అప్పుడు వెంటనే అధికారికి చూపించాలి.

ఈ నాలుగూ చూడడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఆగితే చాలాసార్లు మందు డబ్బా తెరిచే అవసరమే రాదు.

మరొక్క మాట. ఎర్ర ఆకుల్లో ఔషధం ఉందని పొడులు, మాత్రలు అమ్మేవారు ఈమధ్య పెన్షనర్ల ఇళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఈ రంగు పదార్థాల మీద ప్రయోగశాలల్లో మంచి పరిశోధనలు జరుగుతున్నాయి, నిజమే. 2007లో ఆచార్య రెడ్డిగారి బృందమే వరిలో ఎరుపు దారిలోని ఒక జన్యువును పెంచి, ఈ జాతి పదార్థాలు ఎక్కువయ్యేటట్టు చేసింది. అంతమాత్రాన డబ్బాలోని పొడి మధుమేహాన్ని తగ్గిస్తుందనుకుని డాక్టరుగారిచ్చిన మాత్రలు మానెయ్యకూడదు. వారానికి నాలుగుసార్లు తోటకూర పప్పో, బచ్చలి పులుసో, గోంగూర పచ్చడో తింటే చాలు. మూత్రపిండాల జబ్బున్నవారూ, రక్తం పలుచబడడానికి మాత్రలు వాడేవారూ ఆకుకూరలు ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడిగి తినాలి.

చివరగా మనవలతో కలిసి చెయ్యదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. జర్మనీలో హాన్స్ మోర్ అనే ఆచార్యుడు 1960 దశకంలో ఆవజాతి మొలకల మీదనే వెలుతురుకూ ఎరుపుకూ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశోధించాడు. మనకు పోపులడబ్బాలో ఆవాలున్నాయి. రెండు మూకుళ్లలో తడిగుడ్డ పరిచి ఆవాలు చల్లండి. ఒకటి వెలుతురులో, ఒకటి బీరువాలో పెట్టండి. నాలుగైదు రోజులకు బీరువాలోవి పొడుగ్గా, పాలిపోయి ఉంటాయి. అప్పుడు వాటిని బయట పెట్టి, మర్నాడు, మూడవనాడు కాడ మొదలు చూడండి. ఆవాల రకాన్నిబట్టి కొన్నింటిలో లేతగా, కొన్నింటిలో బాగా ఎరుపు కనబడుతుంది. గింజలో మొదటినుంచీ ఉన్న ఫైలు మీద వెలుతురు సంతకం పెట్టడాన్ని పిల్లలు కళ్లారా చూస్తారు. స్కూలు పుస్తకంలో నాలుగు పేజీలు చదివినదానికంటే అది ఎక్కువ గుర్తుంటుంది.

కాబట్టి ఆకు ఎర్రబడితే కంగారుపడకండి. అది మొక్క మనకు రాసిన ఉత్తరం. ఎండ బాగుందని రాసి ఉండవచ్చు, ఆకలిగా ఉందని రాసి ఉండవచ్చు, నీరు ఉప్పగా ఉందని రాసి ఉండవచ్చు. ముప్పై ఏళ్లపాటు వచ్చిన ప్రతి కాగితాన్నీ చదివి, నోట్ రాసి, ఆ తర్వాతే చర్య తీసుకున్నవాళ్లం మనం. ఈ ఉత్తరాన్ని కూడా చదివిన తర్వాతే చర్య తీసుకుందామని కోరుతున్నాను.